అద్దాల గదిలో లిబూషె

బ్రస్సెల్స్‌లోని ఐరోపా సమాఖ్య సభాభవనంలో తన అద్దాల గదిలోకి రాగానే దుబాసీ లిబూషె బూట్లు విడిచి, గోరువెచ్చని నీళ్ళు రెండు గుక్కలు తాగుతుంది. ఎవరి మాటనైనా "నేను" అనే అనువదిస్తుంది. కోప్పడేవారి కోపమూ ఆమెదే, బొంకేవారి బొంకూ ఆమెదే. మాట్లాడేవారి మైకు ఆగితే మాత్రం ఆమె నోరూ ఆగాలి. అది అక్కడి కట్టుబాటు.

ఆ రోజు ఐరోపా మొత్తానికీ తెచ్చిన ఇంటర్నెట్ చట్టం మీద జనం మాట వింటామన్నారు. ఆమె సొంత చెక్ దేశం నుంచి హినెక్ అనే ముసలాయన వచ్చాడు. ఫ్యాక్టరీ మురికి ఊరి వాగులో కలుస్తోందని రాసినందుకు ఆయన వెబ్‌సైటును "హానికరం" అంటూ మూసేశారు.

"మూసిందెవరయ్యా? ప్రాగ్‌లో అడిగితే బ్రస్సెల్స్ అంటారు. ఓటేసి దింపుదామంటే మీరెవరో మాకు తెలీదు..."

ఆయనకిచ్చిన నిమిషం అయిపోయింది, మైకు ఆగింది. ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. అద్దంలోంచి చూస్తున్న ఆమెకు ప్రతి మాటా తెలుస్తూనే ఉంది. అనువదించబోయి తన మైకు వైపు వంగింది.

"మనకెందుకక్కా? నోరు కట్టేసుకో" అన్నాడు పక్కనున్న సాటి దుబాసీ ఒటకార్.

కట్టేసుకుంది. తర్వాత సభ అధ్యక్షురాలు ఇంగ్లీషులో అన్నదాన్ని ఆయన ఇయర్‌ఫోన్‌లో చెక్ భాషలో తియ్యగా పలికింది: "మీ మాట శ్రద్ధగా విన్నాను. ధన్యవాదాలు."

సభ ముగిశాక వరండాలో హినెక్ ఆమె గొంతు గుర్తుపట్టి టోపీ తీశాడు.

"విన్నానన్నది మీరేనా అమ్మా? హమ్మయ్య, పైన మనవాళ్ళే ఉన్నారన్నమాట! మరి ఎప్పుడు తెరిపిస్తారు?"

"పరిశీలిస్తామండీ" అంది లిబూషె. ఈసారి ఆ మాట ఆమెను ఎవరూ చెప్పమనలేదు.