మడత లేని కాగితం

పోయిన వారం అమీర్‌పేట నుంచి ఆపా కోడలు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మీ పోయిన్రు. మధ్యాహ్నం నమాజ్ అయినంక తీస్కపోతరు" అంది. నేను వెళ్లేసరికి ఇంటి ముందు ఆడవాళ్లు చాలామంది కూర్చుని ఉన్నారు. సగంమందిని నేనెరగను. అడిగితే అందరిదీ ఒకటే మాట, ఆపా దగ్గర కుట్టు నేర్చుకున్నామని.

ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆమెను మేమెవరమూ పేరు పెట్టి పిలవలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం ఊళ్ల నుంచి పిల్లలంతా అమీర్‌పేటకి వచ్చిపడుతున్న రోజులవి. అక్కడ ఒక మేడలో కింది రెండంతస్తుల్లో కంప్యూటర్ కోర్సులు, పైన రేకుల గదిలో ఆపా కుట్టు క్లాసు. నేను భీమవరం నుంచి వచ్చి కింద జావా నేర్చుకుంటూ, సాయంత్రాలు పైకెక్కేదాన్ని.

నాకు చిన్నప్పుడు పోలియో వచ్చింది. ఎడమ కాలు కాస్త పొట్టి. నిలబడితే నడుము అటు వాలుతుంది. పంజాగుట్ట షాపుల్లో ఏ స్కర్టు వేసుకుని చూసినా అంచు ఎడమవైపు కిందికి దిగిపోయేది. ఒక షాపు అమ్మాయి, "మీకు చుడీదార్లే బాగుంటాయి మేడమ్" అంది. మర్యాదగానే అంది. హాస్టల్లో అమ్మాయిలు ఇంటర్వ్యూలకి స్కర్టులు వేసుకుని వెళ్తుంటే నాకూ ఒకటి వేసుకోవాలని ఉండేది. అంత చిన్న కోరిక కూడా ఎవరితోనూ చెప్పుకోలేకపోయాను.

చివరికి ఆపాకి చెప్పాను. ఆమె నన్ను చెప్పులు విప్పి నిలబడమన్నారు. మోకాళ్ల నొప్పులతోనే నేల మీద కూర్చుని, నడుము నుంచి నేల దాకా రెండు పక్కలా టేపు పెట్టి కొలిచారు.

"కుడి దిక్కు ఇంచున్నర ఎక్కువుంది. రాస్కో" అన్నారు, గదంతా వినపడేలా.

మిషన్లు ఆగాయి. అందరూ నన్నే చూస్తున్నారు. నా కళ్లలో నీళ్లు చూసి ఆపా గొంతు తగ్గించారు.

"కొల్త చెప్పిన బేటా, తప్పు చెప్పలె. రాస్కో."

రాసుకున్నాను.

స్కర్టు కొలతలకి కాగితాన్ని అందరూ మడిచి గీస్తారు. సగం గీసి కోసి విప్పితే రెండో సగం దానంతటదే వస్తుంది. ఆపా నా ముందు మాత్రం న్యూస్‌పేపరు పూర్తిగా పరిచారు. "నీకు మడత వద్దు. ఎడమది ఎడమదే, కుడిది కుడిదే."

"మీరే గీసివ్వండి ఆపా, నాకు తప్పులు పోతాయి" అన్నాను.

"నేను గీస్తే నా స్కర్ట్ అయితది. అది నీకెందుకు?"

నేను మొదట తెలివి చూపించబోయాను. మామూలుగానే గీసి, పాత దుప్పటితో కుట్టి, ఎడమవైపు దిగిన అంచుని కింద కత్తిరించేశాను. అంచు సమంగానే వచ్చింది గానీ పక్క కుట్లు మెలితిరిగాయి. ఆపా నా చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. "వాలింది నడుము కాడ. నువ్వు కింద కోస్తే ఏమైతది? ఆడ్నే తియ్యి" అన్నారు. నడుము గీతని ఎడమవైపు కిందికి దించి మళ్లీ గీశాను. ఈసారి తుంటి దగ్గర ముడత పడింది. మళ్లీ గీశాను. కింద క్లాసులో ప్రోగ్రాములో తప్పు వెతకమంటే విసుక్కునేదాన్ని, పైన ఎన్ని కాగితాలు చింపినా విసుగు రాలేదు. ఐదో కాగితం కుదిరింది.

ఆ కాగితం పెట్టి కోసి కుట్టుకున్న బూడిదరంగు స్కర్టు వేసుకుని బేగంపేటలో ఇంటర్వ్యూకి వెళ్లాను. హాలు ఈ చివర నుంచి ఆ చివరకి నడవాలి. నా నడక ఏమీ మారలేదు, కాలు ఎప్పట్లాగే ఈడుస్తూ నడిచాను. కానీ చున్నీతో ఏదో ఒకటి కప్పుకుంటూ నడవకపోవడం అదే మొదటిసారి. ఉద్యోగం వచ్చింది. స్కర్టు వల్ల వచ్చిందని అనను. చెప్పిన జవాబులు నావి, వేసుకున్న స్కర్టూ నాదే.

మిఠాయి డబ్బా, ఉతికి మడిచిన స్కర్టూ పట్టుకుని వెళ్తే, ఆపా డబ్బా పక్కన పెట్టేశారు. స్కర్టు తిరగేసి, లోపలి కుట్లన్నీ జిప్పు దాకా వేలితో తడిమి చూశారు. ఆ తర్వాతే క్లాసుని పిలిచారు. "గీ పిల్ల సొంతంగ గీసింది. నేను కత్తెర సుత ముట్టలె" అన్నారు. ఎవరి గురించీ ఆమె అంత గొప్పగా చెప్పగా నేను వినలేదు.

తర్వాతి ఏళ్లలో గూని ఉన్న ఒకావిడ, ప్రమాదంలో భుజం దెబ్బతిన్న ఒకమ్మాయి ఆపా దగ్గరికి వచ్చారు. అలాంటప్పుడల్లా నాకు ఫోన్ వచ్చేది. "జర వచ్చి పో బేటా. మడత లేని కాగితం ఉంది." ఆఫీసు అయ్యాక వెళ్లి, పక్కన కూర్చుని గీయించేదాన్ని. ఆపా లాగే, కత్తెర ముట్టకుండా.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం పంజాగుట్ట చౌరస్తాలో ఆపా ఎదురయ్యారు. బుర్ఖాలో ఉన్నారు, చేతిలో దారాల సంచి. పలకరించబోతే, నా బూడిదరంగు స్కర్టు అంచు వైపు ఒకసారి చూసి, "ముందు నువ్వు నడువు, నేను ఎనకొస్త" అన్నారు. ఆఫీసులు వదిలిన జనం మధ్య నడిచాను. కొంతదూరం పోయి వెనక్కి తిరిగితే, ఆపా అక్కడే ఆగిపోయి ఉన్నారు. జనం ఆమెకి అటూ ఇటూ తప్పుకుని పోతున్నారు. ఆమె చెయ్యి చాపి, అరచేతిని నేలకి సమంగా పట్టి, నాకు చూపిస్తున్నారు.