రివర్స్ లేని నీలక్క

ఆ రోజుల్లో నాందేడ్ మోండా మార్కెట్టు బయట, పికప్ బండ్లు వరసగా నిలబడే అడ్డా మీద మనుషులకు సొంత పేర్లు ఉండేవి కావు. పసుపు బస్తాలూ అరటి గెలలూ మోసే బండ్లే వాళ్ళకు ఇంటిపేర్లు. వెనక తలుపు మీద నెమలి బొమ్మ వేయించుకున్నాయన మోర్‌వాలా, పొద్దస్తమానం పాటలు మోగించే ఆయన గానేవాలా. చాయ్ తాగుతూ ఎవరి పిల్లల్ని వాళ్ళు పొగుడుకున్నట్టే ఎవరి బండిని వాళ్ళు పొగుడుకునేవారు. ఒకాయన తన బండి ఎంత బరువేసినా నడుం వంచదనేవాడు, ఇంకొకాయన తన బండి డీజిల్ వాసన చూస్తే చాలు నడుస్తుందనేవాడు. మా బాపు అందరూ చెప్పింది విని, చివరి గుక్క తాగి, "మాదానికి రివర్స్ పడది" అనేవాడు. కొడుక్కి సర్కారు నౌకరీ వచ్చిందని చెప్పే తండ్రి గొంతు సరిగ్గా అలాగే ఉంటుంది. (నా విషయంలో ఆ గొంతు వినే అదృష్టం మా ఇంట్లో ఎవరికీ కలగలేదు.) అడ్డా మీద ఆయన పేరు బినా రివర్స్.

ఆ బండి నీలం రంగుది, గుండ్రటి ముక్కుది. నేను పుట్టడానికి ముందే ఇంటికి వచ్చింది కాబట్టి అవ్వ (మా దిక్కు అమ్మను అలాగే అంటాం) దాన్ని నీలక్క అనేది, నన్నూ అలాగే పిలవమనేది. నాకు ఊహ తెలిశాక కొన్నాళ్ళకే దాని రివర్స్ గేరు పోయింది. బాగు చేయించవచ్చు. కానీ మిస్త్రీ గేరు పెట్టె విప్పితే మళ్ళీ సరిగ్గా బిగిస్తాడో లేదో అని బాపుకు భయం. దాంతో మా ఇల్లంతా ముందుకు మాత్రమే పోవడం నేర్చుకుంది. ఎవరైనా పెళ్ళి పత్రిక ఇవ్వడానికి వస్తే, పిల్లెవరు, పిల్లగాడెవరు అని అడగకముందే "మీ గల్లీ అవతలి దిక్కు తెరిచి ఉంటదా?" అని అడిగేవాడు బాపు. మూసుకుపోయిన గల్లీల్లో ఉండే చుట్టాలతో మాకు రాకపోకలు తగ్గాయి. మాహూర్ అమ్మవారి దర్శనానికి పోయినా, బండి తిప్పుకునే జాగా దొరికేదాకా ముందుకు పోయి, అక్కడ ఆపి, వెనక్కి నడిచి వచ్చేవాళ్ళం. మా ఇల్లు కూడా గల్లీ చివరే, కానీ పక్కన ఖాళీ ప్లాటు ఉంది. బాపు రోజూ అందులో ఒక చుట్టు తిప్పి, మూతి గల్లీ వైపు ఉండేలా బండి ఆపేవాడు. మూతి గోడకు పెట్టకూడదన్నది మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకన్నా ముందు నేర్పిన నీతి.

నాకు ఇరవై ఏళ్ళొచ్చి లైసెన్సు చేతికందిన ఏడాది అడ్డా మీదికి తెల్ల పికప్‌లు దిగాయి. వాటి స్టీరింగు ఒక్క వేలితో తిరిగేది. సీటు పెళ్ళికొడుకు కుర్చీలా మెత్తగా ఉండేది. మోర్‌వాలా తన కొత్త బండిలో నన్ను ఎక్కించుకుని, ఏ పనీ లేకపోయినా, ఊరికే వెనక్కి పోయి చూపించాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఇంట్లో అలకలు మొదలుపెట్టాను. కొన్నాళ్ళకు బాపు విసిగిపోయి, "ఒక ఇంట్ల రెండు బండ్లు ఎందుకురా? నీలక్కను కొనేటోడు దొరికితే నీ తెల్లది తెస్త. దొరకకపోతే మల్ల ఆ ముచ్చట ఎత్తొద్దు" అన్నాడు. ఎవడూ దొరకడని ఆయన ధైర్యం. నాకు ఆ తెల్ల బండి రావాలి, ఆయనకు ఈ నీలం బండి పోకూడదు. అంతకుమించి మా మధ్య తగాదా ఏమీ లేదు.

గ్యారేజీల్లో, చాయ్ దుకాణాల్లో చెప్పి పెట్టాను. దెగ్లూర్ నుంచి ఒకాయన ఆదివారం చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఆ పొద్దున నీలక్కకు తలంటు పోశాను, టైర్లకు నల్ల రంగు పూశాను. చిక్కంతా దాని మొహంతోనే వచ్చింది. ఒక లైటుకు అద్దం లేదు, బంపరు ఒక పక్కకు వాలిపోయింది. ఆ మొహం కొనేవాడి కంట పడకుండా ఎట్లా అని ఆలోచించి, తోచిన ఉపాయానికి నాకు నేనే మురిసిపోయి, బండిని తీసుకెళ్ళి, మనిషి దూరే సందు మాత్రం వదిలి, మూతి గోడకు పెట్టాను. మా ఇంట్లో పుట్టి ఆ పని చేసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆయన సర్కారు ఎస్టీ బస్సు దిగి, భుజాన తువ్వాలతో, తీరిగ్గా నడుచుకుంటూ వచ్చాడు. బాపు ఈడువాడే. మాటల్లో అవ్వ పుట్టింటి దిక్కువాడని తేలేసరికి అవ్వ ఆయన్ని అన్నా అంది, దాంతో బాపుకు బావ, నాకు మామ అయిపోయాడు. చాయ్ తాగి బండి చుట్టూ చూస్తుంటే, నేను నోరు తెరిచేలోపే బాపు అందుకున్నాడు.

"బావా, ముందుగాలనే చెప్తున్న. దీనికి రివర్స్ పడది."

"ఎన్నేండ్ల సంది?"

"పదేండ్లు దాటింది."

"మరి ఎట్ల నడిపిస్తున్నవ్?"

"ముందుకు."

మామ తల ఊపాడు. బాపుకు ఊపు వచ్చింది. "ఇంకా విను. తలుపు లోపటి నుంచి తెరుసుకోది, చెయ్యి బయటికి పెట్టి తియ్యాలె. స్టీరింగు ఎడమకు తిప్పితే హారన్ దానంతట అదే కొడ్తది."

"బాగు చేపియ్యకపోయినవా?"

"ఎందుకు బావా? మలుపు కాడ ఎట్లయినా కొట్టాలె గదా. నేను మర్చినా దానికి యాదుంటది."

ఆ తర్వాత కాళ్ళ కింద రేకుకు పడ్డ చిల్లి సంగతి, అందులోంచి రోడ్డు కనబడే సంగతి, చలికాలం ఇంజను వేడి మోకాళ్ళకు తగిలే సంగతి వరసగా చెప్పాడు. నేను మామ వెనక నిలబడి, ఆపమని బాపుకు సైగలు చేస్తూనే ఉన్నాను. ఒక్కో ఐబుతో నా తెల్ల బండి అంతంత దూరం పోతోంది. (ఐబు అంటే మా దిక్కు లోపం.) మనిషిని బెదరగొట్టి పంపడానికే బాపు మొదలుపెట్టాడు, కానీ చెప్పేకొద్దీ ఆయన గొంతు మెత్తబడిపోయింది. చెయ్యి ఆయనకు తెలియకుండానే బండి తలుపును నిమురుతోంది.

మామ అంతా విని తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "నాకు గిదే బండి ఉండె బావా. మాదానికి హారన్ కుడి దిక్కు తిప్పితే కొడ్తుండె. పిల్లలు ఊకోలే, అమ్మి తెల్లది కొన్నం. మంచి బండి. ఒక్క ఐబు లేదు. తాళం తిప్పితే నడుస్తది, తొక్కితే ఆగుతది. ఎవడు కూసున్నా గట్లనే పోతది. నాతోని దానికి పనేం లేదు." తువ్వాల మళ్ళీ భుజాన వేసుకుని, "గిన్ని ఐబులు చెప్పినోడు దాన్ని పానం లెక్క చూసుకున్నట్టే. ఇగ నడిపి చూసుడేంది, తోల్కపోత" అన్నాడు.

బాపు మొహంలో రంగు పోయింది. కొనేవాణ్ణి పంపించేయడానికి ఆయన దగ్గర ఇంకొక్క ఐబు కూడా మిగల్లేదు. అవ్వ వంకా, నా వంకా చూశాడు. ఇచ్చిన మాట ఇద్దరం విన్నదే. బేరం రెండో చాయ్ చల్లారకముందే ముగిసింది.

మామ తాళం తీసుకుని ముందుకు పోయి, అక్కడ గోడ తప్ప ఏమీ లేకపోవడం చూసి నిలబడిపోయాడు. "రివర్స్ లేని బండి మూతి గోడకు ఎవడు పెట్టిండు?"

అందరూ నా వైపు చూశారు. బాపు ఆ పొద్దంతటిలో మొదటిసారి నవ్వాడు. "తెల్ల బండి నడపబోయెటోడు" అన్నాడు.

మామ స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. గోడకూ బండికీ మధ్య సందులో నేనూ బాపూ దూరి భుజాలు ఆనించాం. "నెట్టురా, నీకే గదా తొందర" అన్నాడు బాపు. అంతదాకా నాకు సంతోషంగానే ఉంది. ఆయన తన బండిని తన భుజంతోనే ఇంటి ముందు నుంచి బయటికి నెడుతుంటే మాత్రం నాకు దుఃఖం వచ్చింది. వద్దు బాపూ, ఉండనిద్దాం అన్న మాట నోటిదాకా వచ్చింది. అనలేదు. తెల్ల బండి కూడా నోటిదాకా వచ్చి ఉంది కదా. నీలక్క మా ఇద్దరి బలానికి మూలిగి, పదేళ్ళ తర్వాత వెనక్కి నడిచింది.

ప్లాటులో ఒక చుట్టు తిరిగి గల్లీలోకి పోయింది. బాపు కొంత దూరం పక్కనే నడుస్తూ ఏవో జాగ్రత్తలు చెప్పి ఆగిపోయాడు. గల్లీ మొదట్లో బండి ఎడమకు తిరిగింది. తిరుగుతూ, దాని అలవాటు ప్రకారం, పొడుగ్గా హారన్ కొట్టింది. బాపు చెయ్యి ఎత్తాడు. బండి కనబడకుండా పోయాక ఆ చేతిని ఏం చేయాలో తోచక తల గోక్కున్నాడు. "చెప్పిన గదా, దానికి యాదుంటదని" అన్నాడు, ఎవరితోనో.

తెల్ల బండి వచ్చింది. బాపు దాన్ని ఎన్నడూ తిట్టలేదు. పేరు కూడా పెట్టలేదు. అడ్డా మీద ఎవరైనా అడిగితే "మంచి బండి" అని చాయ్ తాగేవాడు.

ఆ తెల్ల బండి ఇప్పుడు నాతో పాటే ముసలిదైంది. దాన్ని అమ్మేసి, వెనక ఏముందో తెర మీద చూపించే కొత్త పికప్ కొనమని మా బిడ్డ పోరు. మొన్న ఒక కుర్రవాడు బేరానికి వచ్చాడు. క్లచ్ గట్టిదనీ, ఎడమ అద్దం వణుకుతుందనీ, ఏసీ వేస్తే పాత పసుపు వాసన వస్తుందనీ ఉన్నదున్నట్టు చెప్పాను. అతను మర్యాదగా విని, "ఫోన్ కర్తో కాకా" అని వెళ్ళిపోయాడు, ఇంతవరకూ చేయలేదు. ఐబులు చెబితే పారిపోయే మంచి కాలం వచ్చింది, పాపం బాపు ముందే పుట్టాడు. "బాపూ, నువ్వు బండి అమ్ముతున్నవా, కావలి కాస్తున్నవా?" అంది బిడ్డ. నేను వినబడనట్టు వెళ్ళి బండి తుడుచుకున్నాను. రివర్స్ చక్కగా పడే బండే, అయినా ఇన్నేళ్ళుగా మూతి గల్లీ వైపే పెడుతున్నాను. గల్లీ మొదట్లో ఎడమకు తిప్పేటప్పుడు ఇప్పటికీ ఒక చెవి అటు వేసి ఉంచుతాను. ఏమీ మోగదు. మంచి బండి.