మెరుగు సంగప్ప చెయ్యి

మెరుగు సంగప్ప ఇక లేడు. కిందటి సోమవారం పొద్దున, ఎడ్లు మేతకు కదిలే వేళ, నారాయణఖేడులో తన ఇంటి అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే లింగైక్యమయ్యాడు. నేను మనూరు నుంచి దొర మోటారు తోలుకొస్తుంటే ఊరి మొదట్లో గొర్లు తోలుకుపోయే ఒకతను చెయ్యెత్తి ఆపాడు. "నర్సింలూ, మీ మామ పోయిండు" అన్నాడు. "యాడికి, బీదరుకా?" అన్నాను. ఏ మాట విన్నా ముందు ఒక హాస్యం విసరడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్న రోగం. అతను నవ్వలేదు. ఇంజను ఆపడం కూడా మరిచి దిగి ఉరికాను. బండి అక్కడే గుర్రుమంటూ నిలబడింది.

మట్టి ఇచ్చేటప్పుడు ఊరంతా ఉంది. ఎవరో మెల్లగా అన్నారు: "గొప్ప పనోడే. ఆఖరుకు సూపు పోయి చెయ్యి తప్పింది గంతే. దొర బండి ఖరాబు చేసె గద." నలుగురు తలలూపారు. వాళ్ల మధ్యనే నేను రెండు చేతులూ అంగీ జేబుల్లో పెట్టుకొని నిలబడ్డాను. సంగప్ప చూపు పోలేదు. చెయ్యి తప్పినవాడు వేరే. ఆ మాట ఆ రోజు నోటితో చెప్పలేకపోయాను కనుక ఈ కాగితం మీద చెబుతున్నాను.

నా చదువు నాలుగో జమాతుతో సరి. ఇట్లాంటి వ్యాసానికి పెద్ద మాటలు కావాలంటే పంతులునడిగి మూడు తెచ్చుకున్నాను: కళాతపస్వి, మహామహుడు, నిష్కళంకుడు. మొదటి రెండూ సంగప్ప మీద వేస్తే దులుపుకొని పోయేవాడు. మూడోది మాత్రం ఉంచుకుంటాను. మచ్చ లేకుండా చేయడమే ఆయన వృత్తి, ఆయన వ్రతం, ఆయన జీవిత సర్వస్వం.

సంగప్పది తరతరాలుగా పల్లకీలకూ, ఉయ్యాల తొట్లకూ రంగు వేసి వార్నీషు పూసే ఇల్లు. దొర పట్నం నుంచి వాడిన మోటారు ఒకటి కొనుక్కొచ్చినప్పుడు ఆయన మోటారు పనికి దిగాడు. అది పుట్టుకతో నల్లది. ఎండకు ఎండి బూడిద గుమ్మడికాయలా తయారైంది. సంగప్ప దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. గోరుతో గీకాడు, వాసన చూశాడు, చివరకు నాలుకతో నాకి కూడా చూశాడు.

"దొరా, బండి మంచిదే. తోలుకు గజ్జి వట్టింది."

"మందున్నదా మరి?" అన్నాడు దొర.

"ఉన్నది. నెలదినాలు ఇది ఉన్నదన్న సంగతి మర్చిపోండ్రి."

కొత్త మోటారు మోజులో ఉన్న దొరకు దాన్ని మరిచిపొమ్మని చెప్పే మనిషిని నేను చూడటం అదే మొదలు. డ్రైవరుగా కుదిరిన మొదటి నెలే నాకు పని లేకుండా పోయింది. అందుకని పొద్దస్తమానం ఆయన దగ్గరే కూర్చున్నాను. వరసకు ఆయన నాకు ఏమీ కాడు. మామ అయితే ఎగతాళి చేసే హక్కుంటుందని నేనే ఆ వరస కట్టుకున్నాను. ఆయన కాదనలేదు.

పాత తోలంతా నురగరాయితో, నీళ్లతో రుద్ది తీసేశాడు. రంగు వేశాడు. దాని మీద వార్నీషు పలచగా ఒక పూత. అది ఎండాక మళ్లీ రుద్దుడు, మళ్లీ పూత. అట్లా ఏడు పూతలు. నేను ఊరుకోలేక అడిగాను: "మామా, పూసుడు తక్కువ, గీకుడెక్కువ. నువ్వు పని చేస్తున్నవా, చేసింది తుడిచేస్తున్నవా?"

"పొద్దుగాల తిన్నది మాపటికి అరుగుతది. తినుడు బందు వెడ్తవారా అల్లుడా?"

పూత వేసే రోజు ఆయనకు దుమ్మే శత్రువు. కొట్టం నేలంతా నీళ్లు చల్లేవాడు. తలుపుకు తడి ధోవతులు వేలాడదీసేవాడు. గోడ సందుల్లో బంకమన్ను పెట్టేవాడు. బట్టల నుంచి నూగు రాలుతుందని పాగా, అంగీ తీసేసి గోచితోనే పని చేసేవాడు. ఒకసారి దొరే చూద్దామని షేర్వానీలో వచ్చాడు. సంగప్ప కుంచె ఆపకుండానే, "దొరా, గా షేర్వానీ ఇడిచి కాళ్లు గడుక్కొని లోపటికి రాండ్రి. లేకుంటె గడప అవుతలనే నిలవడుండ్రి" అన్నాడు. దొర తన షేర్వానీని చూసుకున్నాడు, సంగప్ప గోచిని చూశాడు, గడప అవతలే నిలబడ్డాడు. నవ్వు ఆపుకోలేక నేను బావి దగ్గరికి పరుగెత్తాను.

మెరుపు వచ్చాక ఆయన ఎవరితో మాట్లాడినా వెనక్కి తిరిగేవాడు కాదు. బండి తలుపులో వాళ్లను చూస్తూనే జవాబు చెప్పేవాడు. వెనక నిలబడి నేను నాలుక బయటపెట్టి వెక్కిరిస్తే, "లోపటికి వెట్టుకో, ఈగ వాల్తది" అనేవాడు అటే చూస్తూ. పని ముగిసిందని చెప్పడానికి ఆయనకొక పరీక్ష ఉండేది. మడ్గార్డులో చూసుకుంటూ పాగా చుట్టుకునేవాడు. పాగా అంచులో ఎర్రదారం పోగు తెలిస్తే పని అయినట్టు, తెలియకపోతే పాగా విప్పి మళ్లీ నురగరాయి.

ఒకనాడు పరిహాసానికే అన్నాను: "ఇంత చేసినవు, యాడన్న ఓ మూలకు నీ గుర్తు వెట్టుకో మామా. నువ్వు చేసినవని ఎట్ల తెలుస్తది?"

ఆయన మొదటిసారి వెనక్కి తిరిగి నన్ను నేరుగా చూశాడు. "చెయ్యి కనవడాల్నంటే పోయి ఇల్లలుకు. ఏళ్ల గీతలు మంచిగ కనవడ్తయి. గీ పనిల చెయ్యి కనవడిందా, పని చెడిందన్నట్టు."

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు.

ఇక్కడ నా చిటికెన వేలు సంగతి చెప్పాలి. బండి లేపడానికి దాని ముందరి హ్యాండిలు తిప్పుతుంటే అది ఎదురు తన్ని నా కుడిచేతి చిటికెన వేలు విరిచింది. దవాఖానలో ఆ రోజు డాక్టరు లేడు. సంగప్ప వెదురు బద్దలు పెట్టి, తన గుడ్డ పేలికతో కట్టు కట్టాడు. వేలు అతికింది గానీ మేక కొమ్ములా బయటికి తిరిగి అతికింది. "నా పుట్కల వంకర పని ఒక్కటే చేసిన అల్లుడా, అది నీ చేతికున్నది" అనేవాడు. కనబడినప్పుడల్లా, "ఏలెట్లున్నది?" అని అడిగేవాడు.

ఆ మెరుపు మూడేళ్లు నిలిచింది. మూడో ఏడు దసరాకు మళ్లీ చేయించాడు దొర. ఆ రోజు ఊరంతా జమ్మిచెట్టు దగ్గరికి చేరుతుంది. సిర్గాపూరు, బోరంచ దిక్కు నుంచి కూడా జనం వస్తారు. దొర ఆ బండిలోనే వెళ్లాలి. ఆఖరు పూత వేసి సంగప్ప కొట్టానికి తాళం పెట్టి, తాళపుచెవి నా చేతికిచ్చాడు. "రొండు దినాలు ఎవ్వరు తలుపు తియ్యొద్దు. నువ్వు గూడ." నేను తీస్తానేమోనని ఆయనకు అనుమానం రాలేదు. వచ్చి ఉంటే నాకు ఇచ్చేవాడు కాడు.

పండుగ ముందు రోజు మధ్యాహ్నం నేనే తీశాను.

పెంకుల సందు నుంచి వెలుగు పడుతోంది. బండి బావిలో నీళ్లలాగా నల్లగా, లోతుగా ఉంది. అందులో నేను తలనుంచి కాళ్ల దాకా కనబడ్డాను. అంత పెద్ద అద్దం మా వంటి వాళ్లకు ఎక్కడ దొరుకుతుంది? నాకు అనుకరణలు వచ్చు. చాయ దుకాణంలో సంగప్ప నడక చేసి చూపి నలుగురినీ నవ్వించేవాణ్ణి. ఆ ఆట చూసేవాళ్లకు ఎట్లా కనబడుతుందో చూసుకోవాలనిపించింది. నడుము వంచాను. ఒక చెయ్యి వెనక్కి పెట్టాను. గాలిలో దుమ్ము ఉందేమోనని ఆయన ముక్కెగరేస్తాడే, అదీ చేశాను. అచ్చం సంగప్పే. నా ఆటకు నేనే పగలబడి నవ్వాను. నవ్వులో మడమ తడి నేల మీద జారింది. పడకుండా చెయ్యి చాపాను.

చెయ్యి బానెట్టు మీద ఆనింది. పైకి ఎండినట్టే ఉంది గానీ లోపల పూత ఇంకా మెత్తగానే ఉంది. అరచెయ్యి, అయిదు వేళ్లు, వంకర చిటికెన వేలుతో సహా అందులో దిగిపోయాయి.

తలుపు పెట్టి ఇంటికి వెళ్లాను. నా భార్యకు నెలలు నిండాయి, ఉన్నది ఆ ఒక్క నౌకరి, దొర కోపిష్టి. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధాలు కావు గానీ సగమే నిజం. మిగిలిన సగం ఏమిటంటే, ఇతరులను నవ్వులపాలు చేయడమే నాకు వచ్చు. నేను నవ్వులపాలు కావడం రాదు.

పండుగ పొద్దున దొర, సంగప్ప, నేను కొట్టంలోకి వెళ్లాం. సంగప్ప మొదట నేల చూశాడు. అక్కడ మడమ జారిన గీత ఉంది. తరువాత బానెట్టు చూశాడు. వంగి చాలాసేపు చూశాడు. తాను కట్టు కట్టిన వేలును గుర్తుపట్టడానికి అంతసేపు పట్టదు. నా వైపు తిరగలేదు. తిరగవలసిన పని ఆయనకు ఎన్నడూ లేదు. బానెట్టులో నేను కనబడుతూనే ఉన్నాను.

"ఏంది సంగప్పా ఇది?" అన్నాడు దొర.

సంగప్ప తన కుడిచెయ్యి ఆ గుర్తు మీద మూత పెట్టినట్టు పెట్టాడు. "నా చెయ్యే దొరా. ఎండిందా లేదా అని ఒత్తి చూసిన."

"పుట్టినకాడికెల్లి గిదే పని చేస్తివి. ఎండింది, ఎండంది కనవడ్తలేదా నీకు?"

"కనవడలే దొరా. నాలుగొద్దులియ్యండ్రి, రుద్ది మళ్ల పూస్త."

"నాలుగొద్దులు నీకోసం దసర ఆగుతదా? చాలు తియ్యి. ఇగ నా బండి ముట్టకు."

దొర 'ముట్టకు' అన్నాక, సంగప్ప తన కుంచెల సంచి వంగి అందుకున్నాడు. ఆ రెండింటి నడుమ 'అది నా చెయ్యి' అనే మూడు మాటలు చెప్పేటంత సందు ఉంది. నేను చెప్పలేదు.

ఆ సాయంత్రం అందరితో పాటు నేనూ పెద్దలకు జమ్మి ఆకు పెట్టి దండం పెడుతూ ఆయన దగ్గరికి వచ్చాను. ఆకుతో పాటు నా చెయ్యి పట్టుకున్నాడు. "తడి నేల మీద పైలం రా అల్లుడా" అన్నాడు. తరువాత, "ఏలెట్లున్నది?" అని అడిగాడు.

"బంగారమోలె ఉన్నది మామా" అన్నాను. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ తరువాత ఆరేళ్లు బతికాడు. సంగప్పకు చూపు పోయిందన్న మాట ఊళ్లు దాటింది. బండ్లున్నవాళ్లు పట్నానికి పంపుకున్నారు. పల్లకీ పని కూడా రాలేదు. మడ్గార్డులో దారం పోగు చూసిన మనిషి ఎడ్ల కొమ్ములకు రంగులు వేసుకున్నాడు. దొర కొత్త బండి కొని, పాతదాన్ని మళ్లీ రంగు వేయించకుండానే మనూరు, సిర్గాపూరు పనులకు ఉంచాడు. ప్రతి పొద్దునా దాన్ని తుడిచేది నేనే. ఆరేళ్లు నా చెయ్యిని నేనే తుడిచాను, అది పోలేదు. ఆరేళ్లు ఆయన ఎదురైనప్పుడల్లా అడిగాడు, "ఏలెట్లున్నది?" అని. చెప్పుకోవడానికి అంతకంటే పెద్ద తలుపు ఎవరు తీస్తారు? నేను ప్రతిసారీ ఒక కొత్త హాస్యంతో ఆ తలుపు వేశాను. పోవడానికి వారం ముందు కూడా అడిగాడు. గొంతు సన్నబడింది. "ఇంక వంకరగనే ఉన్నది మామా, దానికి పిల్లనెవరు ఇస్తలేరు" అన్నాను. దగ్గుతూ నవ్వాడు. నేను ఆయనకు చెప్పిన ఆఖరు మాట అదే.

మట్టి ఇచ్చిన మూడో రోజు ఆయన భార్య లింగమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె అడిగింది: "నర్సింలూ, నీ ఏలు సంగతేంది? నిన్న మొన్నటిదాంక నర్సింలు ఏలు, నర్సింలు ఏలు అంటుండె. ఎందుకయ్యా అంటె నవ్వుతుండె."

ఇంట్లో ఆమెకు కూడా చెప్పలేదని అప్పుడు తెలిసింది. నేను చెప్పాను. నా జన్మలో హాస్యం కలపకుండా చెప్పిన మొదటి సంగతి అదే అనుకుంటాను.

ఆమె తిట్టలేదు. "అయితే ఆయన కండ్లు మంచిగనే ఉండె" అంది. "దినాం పొన్నగంటి కూర వండి పెడ్తి కదరా, సూపొస్తదని. ఆకు రసం పిండి కండ్లల్ల పోస్తి. మంటకు నీళ్లు కారుతుంటె తుడుసుకుంట, జర తెలుస్తున్నదే లింగీ అంటుండె." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తున్నదో, నవ్వుతున్నదో నేను చెప్పలేను.

అక్కడి నుంచి నేరుగా దొర దగ్గరికి పోయాను. విన్నాడు. "చెయ్యి సూపియ్యి" అన్నాడు. కొట్టంలోకి తీసుకుపోయి నా వేలునూ, బానెట్టునూ మార్చి మార్చి చూశాడు. "మరి ముసలోడెందుకు చెప్పలే?" అన్నాడు. కొట్టం నుంచి బయటికి నడుస్తూ, "తాళాలు ఆడ వెట్టి పో" అన్నాడు. పెట్టి వచ్చాను.

మళ్లీ అట్లాంటి పనివాడు ఈ తాలూకాలో పుట్టడని రాయడం సులువే. పుట్టినా, మనం వాణ్ణి ఎడ్ల కొమ్ముల దగ్గర కూర్చోబెట్టమని నమ్మకమేముంది? సంగప్పను ఎరిగినవాళ్లను నేను అడుక్కునేది ఒకటే. ఆ పాత బండి ఇంకా దొర కొట్టంలోనే ఉంది. వెళ్లి చూడండి. బానెట్టు మీద ఒక చెయ్యి కనబడుతుంది. దాని చిటికెన వేలు చూడండి, అది నాది. తరువాత తలుపులు, మడ్గార్డులు, వెనక పక్క, అంగుళం అంగుళం వెతకండి. సంగప్ప చెయ్యి ఎక్కడా కనబడదు. అంత బాగా చేశాడు.