నలుగురిలో అన్న మాట

మాచర్ల వైపు ఒక హైస్కూల్లో తొమ్మిదో తరగతికి సోషల్ చెప్పే రోజుల్లో పాఠ్యపుస్తకం చాలదని నేనే పేజీలు రాసేదాన్ని. పల్నాడులో ఎవరెవరు ఏ పని చేసుకుని బతికారో ఒక్కో పేజీలో పెట్టి, జిరాక్స్ తీయించి పంచేదాన్ని. శుక్రవారం చివరి పీరియడ్‌లో దాని మీద చర్చ. పిల్లల్లో ఒకరు లీడరు. చదివించేదీ ప్రశ్నలడిగేదీ ఆ లీడరే. టీచరు వెనక బెంచీలో కూర్చోవాలి, నోరు విప్పకూడదు. ఆ నియమం పెట్టింది నేనే. స్టాఫ్‌రూములో దాని గురించి గొప్పలు కూడా పోయాను.

పత్తి పేజీ వచ్చిన వారం ఒక అమ్మాయి తనే లీడరుగా ఉంటానంది. అంతవరకు ఎప్పుడూ చెయ్యెత్తని పిల్ల. వాళ్ళ నాన్న మోటార్లు బాగుచేస్తాడు. తాత పరుపులకు దూది ఏకేవాడట. ఆ తాత వాడిన విల్లును గోనెసంచిలో చుట్టి, భుజాన వేసుకుని తెచ్చింది. నోటుబుక్కులో ఏడు ప్రశ్నలు రాసుకొచ్చింది.

మొదటి ప్రశ్న బాగానే నడిచింది. రెండోదానికి ఒక పిల్లవాడు లేచి నవాబుల కాలపు పత్తి సంతల గురించి చదవబోయాడు. ఆ ముక్కలో నాలుగైదు ఉర్దూ మాటలు ఇరికించింది నేనే. వాడు తడబడ్డాడు. నా నోటిదూల ఊరుకోలేదు.

"ఒరేయ్, నువ్వు ఆగు. ఏమ్మా, నువ్వు చదివి అర్థం చెప్పు. మీ భాషే గదా" అన్నాను వెనకనుంచి.

"మాకు ఉర్దూ రాదు టీచర్. మా ఇంట్లో తెలుగే" అందా అమ్మాయి.

అక్కడ ఆగినా సరిపోయేది. "సాయిబుల పిల్లవి, ఉర్దూ రాదంటావేందే?" అన్నాను నవ్వుతూ. క్లాసంతా నవ్వింది. నేను నవ్వాను కాబట్టి నవ్వింది.

ఆ అమ్మాయి నోటుబుక్కు మూసేసింది. మిగతా ఐదు ప్రశ్నలూ అందులోనే ఉండిపోయాయి. నేను లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి మిగతా పేజీ నేనే చెప్పేశాను. విల్లు బల్ల మీదే ఉంది. అదేమిటని పిల్లలు అడగలేదు, నేనూ అడగలేదు.

తెలియక అన్న మాటైతే ఇంత సిగ్గు ఉండేది కాదు. నరసరావుపేటలో మాది కిరాణా కొట్టు. ఏటా ఎండాకాలం మా వాకిట్లో దూది ఏకడానికొచ్చే దూదేకుల పెద్దాయన మా నాయనమ్మతో మా అందరికంటే మంచి తెలుగులో పోట్లాడేవాడు. ఆయన నోట ఒక్క ఉర్దూ ముక్క వినలేదు నేను. అయినా హాజరుపట్టీలో పేరు చూసి ఆ పిల్ల భాష నేనే తేల్చేశాను. పైగా చరిత్ర చెప్పేదాన్ని!

సోమవారానికల్లా మగపిల్లలు ఆ అమ్మాయిని "ఉర్దూ పండిట్" అని పిలవడం మొదలుపెట్టారు. మంచినీళ్ళ కుళాయి దగ్గర ఒంటరిగా కనబడితే వెళ్ళి, తప్పయిపోయిందమ్మా, మనసులో పెట్టుకోకు అన్నాను. ఆ అమ్మాయి సీసా నింపుకుంది. మూత బిగించి, అప్పుడంది:

"చానామంది ఎక్కిరిస్తన్నారు టీచర్. మీరు నలుగురిలో అన్నారు గదా, నలుగురిలోనే చెప్పండి. నాకదే చాలు."

"రేపు చెప్తాలే" అన్నాను.

మర్నాడు ఆ అమ్మాయి ముందు బెంచీలో కూర్చుంది. హాజరు తీసుకుంటున్నంతసేపూ నా వంకే చూస్తోంది. పిల్లల ముందు తప్పొప్పుకుంటే రేపు నా మాట ఎవరు వింటారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదంతా సాకు. ఇన్నేళ్ళ సర్వీసులో పిల్లల్ని గుంజీలు తీయించి క్షమాపణ చెప్పించడమే తప్ప నేను చెప్పింది లేదు. నాకు భయమేసింది.

హాజరుపట్టీ మూసి లేచి నిలబడ్డాను. గొంతు సవరించుకున్నాను. క్లాసు సద్దుమణిగింది.

"పుస్తకాలు తియ్యండి" అన్నాను.

అందరికంటే ముందు ఆ పిల్లే తీసింది.