నలభై తొమ్మిది కిలోల ట్రయల్

"మీకు బుద్ధుందా, లేక దాన్ని కూడా ట్రయల్ వేసి చూస్తున్నారా?"

మా పిన్ని ఈ మాట బాబాయిని అడిగింది పదిమంది చుట్టాల మధ్య, భోజనాల బల్ల దగ్గర. బాబాయి చెంచా కింద పెట్టి, కాసేపు నిజాయితీగా ఆలోచించి, "ఇంకా తేలలేదు" అన్నాడు.

ట్రయల్ వెయ్యకుండా బాబాయి ఏదీ నిర్ణయించడు. ట్రయల్ వేశాక అసలే నిర్ణయించడు. ఒకసారి రెండు జతల బూట్లు నచ్చితే రెండూ కొని, ఎడమ కాలికి ఒక జతలోది, కుడి కాలికి ఇంకో జతలోది తొడుక్కుని నెల్లాళ్ళు ఆఫీసుకి వెళ్ళాడు. వీధిలో కొత్త సెలూన్ తెరిస్తే సగం తల పాతవాడి దగ్గరా, సగం తల కొత్తవాడి దగ్గరా కత్తిరించుకుని, ఇంటికొచ్చిన ప్రతివాడికీ రెండు పక్కలా తిప్పి చూపించి అభిప్రాయాలు సేకరించాడు. కొత్త గొడుగు కొన్నప్పుడు వానకోసం ఆగలేదు. దాన్ని పట్టుకుని షవర్ కింద నిలబడ్డాడు, ఆఫీసు బట్టలతో.

ఉద్యోగం కూడా ఒంటికి అతికినట్టు దొరికింది. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. కొట్లలో కాటాలు సరిగ్గా తూస్తున్నాయో లేదో పరీక్షించడానికి ఆఫీసువాళ్ళిచ్చిన ఇనప రాళ్ళు రెండు కిలోలవీ, ఐదు కిలోలవీ, ఇరవై కిలోలవీ ఆయన వరండాలో వరసగా ఉంటాయి. వాటిని కాస్త గుర్తుంచుకోండి.

ఇక జీపు. అటవీ శాఖ వేలంలో పాడుకున్నది. కొండలెక్కుతుంది, వాగులు దాటుతుంది, తలుపులు మాత్రం పడవు. ముందు సీట్లో కూర్చునేవాళ్ళు తలుపుకి కట్టిన తాడు పట్టుకుని కూర్చోవాలి. పిన్ని కోర్టులో స్టెనోగ్రాఫరు. ఒకరోజు ఆ జీపులోంచి దిగి కోర్టు మెట్లెక్కుతుంటే, కొత్తగా చేరిన బంట్రోతు ఆవిడ జుట్టూ దుమ్మూ చూసి, "ఫిర్యాదీలు ఆ బల్లమీద కూర్చోవాలమ్మా. ఎవరు కొట్టారు?" అన్నాడట.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో ఒకటే పోరు. జీపు ఇచ్చేసి, తలుపులు పడే చిన్న కారు తెచ్చుకోవాలి.

బాబాయి కాదనలేదు. "తప్పకుండా. మార్చెయ్యడమా, దీన్నే బాగుచేయించడమా, చిన్న ట్రయల్ వేసి చెప్తా" అన్నాడు. ఆ చిన్న ట్రయల్ ఏడు నెలలు నడిచింది. ప్రతి మంగళవారం, శుక్రవారం ఆఫీసు అవగానే జీపు వేసుకుని కొండమీదికి వెళ్ళేవాడు. రాత్రి భోజనాల వేళకి తిరిగొచ్చి నోట్‌బుక్కులో ఏవో అంకెలు రాసుకునేవాడు. పైగా నెలకొకటి చొప్పున జీపుకి కొత్త సామాను పడుతూనే ఉంది.

"అమ్మే బండికి ఇంత ఖర్చెందుకండీ?" అనేది పిన్ని.

"అమ్మేటప్పుడు ధర పలకద్దూ?"

"అయితే అమ్మేస్తున్నట్టేగా?"

"ఇంత ఖర్చు పెట్టాక ఎవడమ్ముతాడే?"

చివరికి పిన్ని నాకు ఫోన్ చేసింది. నేను కాలేజీలో తర్కశాస్త్రం చెప్తాను. దానివల్ల ఎవరైనా బాగుపడ్డారనే ఆధారం ఇంతవరకూ లేదు గాని, పిన్నికి నమ్మకం.

"నువ్వు తర్కం చెప్తావు కదరా, మీ బాబాయికి కాస్త చెప్పు. పాత బండి ఇచ్చి కొత్తది తీసుకునే ఆఫరు శనివారం సాయంత్రం ఐదింటితో ఆఖరు. ఐదున్నరకి కూడా ఆ జీపు వాకిట్లో ఉందంటే మా అక్క ఇంటికి వెళ్ళిపోతా. నేను లేకుండా ఎలా ఉంటుందో, అదీ ట్రయల్ వేసుకోమను."

గురువారం నేను వెళ్ళేసరికి షోరూంవాళ్ళు పంపిన వెలకట్టే మనిషి వాకిట్లో ఉన్నాడు. చేతిలో అట్ట, అట్టమీద కాగితం. బాబాయి అతన్ని జీపు ముట్టుకోనివ్వలేదు.

"ముందు లోపాలు రాసుకోండి. స్టీరింగు ఎడమకి తిప్పితేనే హారన్ మోగుతుంది. వైపర్లు వానలో పనిచెయ్యవు."

"మరెప్పుడు పనిచేస్తాయి సార్?"

"ఎండాకాలంలో అదరగొడతాయి. ఇక రేడియేటరు సంగతి..."

"చాలు సార్," అన్నాడు వెలకట్టే మనిషి. "అమ్మేవాడు లోపాలు చెప్తుంటే కొనేవాడు ఆపమనడం నా సర్వీసులో ఇదే మొదలు."

అతను జీపు కింద దూరాడు. పది నిమిషాల తర్వాత బయటికొచ్చి, బయటంతా ఒకసారి చుట్టివచ్చి, బట్టలు దులుపుకోవడం కూడా మర్చిపోయి నన్ను పక్కకి పిలిచాడు.

"సార్, ఈ బండికి ఒక మూలే కొత్తది."

"అంటే?"

"మూడు మూలలు పాత ఇనప సామాన్లవాడు కూడా తీసుకోడు. వెనక ఎడమ మూల మాత్రం మహారాజా! కొత్త స్ప్రింగు, మెత్తటి షాకబ్జార్బరు, ఎక్కడానికి కిందికి ఒక మెట్టు, పట్టుకోడానికి రబ్బరు చుట్టిన కడ్డీ, జానెడు మందం స్పాంజి సీటు. ఆ ఒక్క తలుపే పడుతోంది సార్. ఎంత నెమ్మదిగా పడిందంటే, పడిందో లేదోనని రెండుసార్లు చూశాను."

అతను పక్కకి పిలిచాడే గాని గొంతు తగ్గించలేదు. పిన్ని వరండాలోంచి దిగి వచ్చింది.

"ఏడు నెలల్నించి నేను తాడు పట్టుకుని కూర్చుంటున్నా. వెనక ఎడమ పక్క ఎవరు కూర్చుంటారండీ?"

"బరువు," అన్నాడు బాబాయి.

"ఏం బరువు?"

"ట్రయల్ బరువు. నలభై తొమ్మిది కిలోలు."

పిన్ని కొంగు నడుముకి బిగించింది.

"నేను అరవై ఎనిమిది," అంది పిన్ని, చాలా నెమ్మదిగా.

ఆ నెమ్మది విని వెలకట్టే మనిషి మళ్ళీ జీపు కిందికి దూరిపోయాడు.

మర్నాడు శుక్రవారం. సాయంత్రం బాబాయి ఆఫీసునించి వచ్చేసరికే పిన్ని ముందు సీట్లో తాడు పట్టుకుని కూర్చుని ఉంది. నేను వెనక కుడిపక్క, పాత ఇనప సామాన్లవాడు కూడా వద్దనే మూలలో. జీపు నాలుగిళ్ళు దాటి ఆగింది. గేటు తీసుకుని, చేతికర్ర పొడుచుకుంటూ వచ్చింది నలభై తొమ్మిది కిలోలు.

మా లెక్కల టీచరు!

ఈవిడ రిటైరై పన్నెండేళ్ళయింది. వీధిలో సగంమందికి ఎక్కాలు నేర్పింది, మిగతా సగంమందికి భయం నేర్పింది. సాయం అన్న మాట వింటే కర్ర ఎత్తుతుంది. పక్కింటివాళ్ళు కప్పు పంచదార ఇస్తే మర్నాడు కప్పున్నర తిరిగిచ్చి, ఆ అరకప్పూ వడ్డీ అని చెప్పే మనిషి. మోకాలి ఆపరేషనయ్యాక వారానికి రెండుసార్లు కొండమీది ఆస్పత్రిలో కాలికి వ్యాయామం చేయించుకోవాలన్నారు, లేకపోతే మోకాలు ఇక మడత పడదన్నారు. ఆ దారిలో బస్సు లేదు. గుంతలు చూసి టాక్సీలవాళ్ళు దండం పెట్టారు. ఒకరి బండి ఊరికే ఎక్కనని ఈవిడ ఇంట్లోనే కూర్చుంది.

కొత్త మెట్టు మీద కాలు పెట్టి, కడ్డీ పట్టుకుని, స్పాంజిలో కూరుకుని, టీచరు పిన్ని భుజం తట్టింది.

"నువ్వూ వస్తున్నావా అమ్మాయ్? మంచిది. మీ ఆయనకి ఈ చక్రం మీద సరిగ్గా నలభై తొమ్మిది కిలోలు పడాలిట. వీధంతా వెతికితే నేనొక్కదాన్నే తేలానుట. పాపం, వారం రోజులు నా గుమ్మం చుట్టూ తిరిగాడు. జాలేసి ఒప్పుకున్నాను. ఊరికే కాదులే, ట్రయల్‌కి ఇరవై రూపాయలు తీసుకుంటున్నా."

పిన్ని బాబాయి వైపు చూసింది. బాబాయి రోడ్డు వైపు చూశాడు. నేను నోరు మూసుకోవాల్సిన సమయం అదే. కానీ చదువు ఊరుకోనివ్వదు కదా.

"అదేంటి బాబాయ్? వరండాలో రాళ్ళున్నాయిగా! రెండు ఇరవైలు, ఒక ఐదు, రెండు రెండ్లు. సరిగ్గా నలభై తొమ్మిది."

బాబాయి బ్రేకు మీద ఒక్క తొక్కు తొక్కాడు.

"గుంతలో పడితే రాయి 'అబ్బా' అంటుందిరా?" అని అరిచాడు బాబాయి. "అనకపోతే స్ప్రింగు సంగతి నాకెలా తెలుస్తుంది? తర్కం చెప్తాడట తర్కం!"

"వీడికి చిన్నప్పట్నించీ ఇంతే," అంది టీచరు కిటికీలోంచి బయటికి చూస్తూ. "కూడిక బాగానే చేస్తాడు. ఎక్కడ చెయ్యాలో తెలీదు."

ఆవిడకి ఏమేం తెలుసో నేను ఈనాటికీ అడగలేదు.

కొండదారంతా గుంత తర్వాత గుంత. పిన్ని తాడుతో కుస్తీ పట్టింది. నేను రెండుసార్లు కప్పుకి తగిలాను. ఎడమ మూలలో టీచరు ఊయలలో ఉన్నట్టు ఉంది. ఆస్పత్రి దగ్గర దిగి, "ఇవాళ ఏడు 'అబ్బా'లు. రాసుకో" అని, కర్ర చంకలో పెట్టుకుని మెట్లెక్కింది. బాబాయి నోట్‌బుక్కు తీశాడు. పిన్ని దాన్ని లాక్కుని మొదటి పేజీ తిప్పింది. మొదటి ట్రయల్: నలభై మూడు.

వ్యాయామం చేయించే అమ్మాయిని పిన్ని ఒకటే ప్రశ్న అడిగింది. "ఇంకెన్నాళ్ళు?" "మానకుండా వస్తే రెండు నెలలు," అందా అమ్మాయి.

ఇలాంటి చోట మంచితనం మీద ఒక పేరా రాయడం ఆనవాయితీ. బాబాయికి ఆ మాట అంటిస్తే ముందు దాన్ని తీసుకెళ్ళి కాటా మీద పెడతాడు. కాబట్టి శనివారానికి వద్దాం.

నాలుగున్నరకి వెలకట్టే మనిషి కాగితాలతో వచ్చాడు. బాబాయి వరండాలో రాళ్ళ పక్కన ఇంకో రాయిలా కూర్చున్నాడు. గుమ్మంలోకి పిన్ని వెళ్ళింది.

"ఏమ్మా, బండి ఇచ్చేస్తున్నట్టేనా?"

"ఇంకా తేలలేదు," అంది పిన్ని. "ట్రయల్ నడుస్తోంది. రెండు నెలలు పడుతుంది."

అతను వెళ్ళిపోయాక బాబాయి వైపు తిరిగింది. "సోమవారానికల్లా నా తలుపుకి గడియ పడాలి."

"తప్పకుండా. రెండు మూడు రకాల గడియలు తెచ్చి..."

"ట్రయల్ అన్నారంటే చూడండి!"

ఆయన జీవితంలో ట్రయల్ లేకుండా కొన్న మొదటి వస్తువు ఆ గడియ. జీపు ఇంకా వాకిట్లోనే ఉంది. ఇప్పటికి మూడు మూలలు కొత్తవి, నాలుగోది అమ్మే ముందు చేయిస్తానంటున్నాడు. టీచరు ఇప్పుడు కర్ర లేకుండా కూరగాయల కొట్టుకి నడిచి వెళ్తోంది. దారిలో రోజూ మా బాబాయి గేటు దగ్గర ఆగి, ఇంట్లోకి వినపడేలా ఒక అంకె చెప్పి వెళ్తుంది. అది బాకీ లెక్క: చివరి రెండు నెలల పద్దెనిమిది ట్రయల్స్‌కి, ఇరవై చొప్పున, బాబాయి ఆవిడకి ఇంకా మూడు వందల అరవై బాకీ.