బుజ్జులు పండుకున్నడని చెప్పిన పాపానికి

ముందే చెప్తున్న, పక్షి సేఫ్. మొన్న ఆదివారం పోయింది నా ఇజ్జత్ ఒక్కటే. చాయ్ తాగుకుంట ఇనుర్రి, మధ్యల నవ్వొద్దు.

సైనిక్‌పురిల ఒక రిటైర్డ్ మిలిట్రీ అంకుల్ దగ్గర మకావ్‌ను తెచ్చుకున్న గదా. మకావ్ అంటే మన రామచిలుక అనుకునేరు! తోకతోని కలిపి రెండు మూరలు ఉంటది. నీలం, పసుపు రంగులు, ముక్కేమో అడకత్తెర. ఇంకా ఏడాది పిల్లే. అంకుల్ మోకాళ్లకు ఆపరేషన్ అయింది, పుణెల బిడ్డ దగ్గరికి పోతున్నడు, ఆ అపార్ట్‌మెంట్ల పక్షుల్ని రానియ్యరంట. కాగితాలన్నీ నా పేరు మీదికి మార్పించి, పంజరం చేతికిచ్చి, గంత పెద్ద మీసాల మనిషి వెక్కి వెక్కి ఏడ్చిండు. "మా బుజ్జుల్ని జాగ్రత్తగా చూసుకుంటావా బాబూ?" అవును, దాని పేరు బుజ్జులు. "కన్నకొడుకు లెక్క సూస్కుంట అంకుల్" అని చేతిల చెయ్యేసి మాటిచ్చిన.

కొడుకేమో నన్ను లెక్కనే చేస్తలేడు! ఆదివారానికి పదహారు రోజులాయె. బాదంపప్పు ఇయ్యబోతే పప్పు కింద పడేసి వేలు పట్టుకుంటడు. సోఫా చెక్క, టీవీ రిమోట్, మా ఆవిడ అనిత కొత్త చెప్పులు, అన్నీ ఖతం. పొద్దుగాల ఆరింటికి అరుపు షురూ అయితే మా సీతాఫల్‌మండిల అలారం పెట్టుకునే పనే లేదు. అనితది రోజూ ఒక్కటే పాట: "మొదటిసారి పెంచేటోళ్లు ఏ చిన్న పిట్టనో తెచ్చుకుంటరు. నువ్వేమో కొరివితోని తల గోక్కున్నవ్."

అంకుల్ రోజూ అరగంట ఎండ సూపియ్యమన్నడు. బయటికి తీస్కపోతే తాడున్న బెల్టు వెయ్యమన్నడు సుత. బెల్టు వెయ్యబోతే కరుస్తడు. రెక్కలు కత్తిరించే ఉన్నయి గదా, యాడికి పోతడు అనుకున్న. నిజానికి అంకుల్ అన్నదేందంటే, "రెక్కలు కత్తిరించాం గానీ కొత్త ఈకలు వచ్చేస్తున్నాయి, జాగ్రత్త" అని. నాకు మొదటి సగమే చెవికెక్కింది!

ఆదివారం తొమ్మిదిన్నరకు ఎట్లనో కట్టె మీద ఎక్కించుకుని డాబా మీదికి తీస్కపోయిన. మంచి ఎండ. స్టేటస్‌కు ఒక సెల్ఫీ కొడ్దామని జేబుల చెయ్యి పెట్టిన్నో లేదో, బుర్రుమన్నడు! సీదా పక్క బిల్డింగ్ నీళ్ల ట్యాంక్ మీదికి. క్షణంల ఇరవై కాకులు జమ అయినయి. ఇంకా దూరం ఎగిరిండంటే దొరకడు. దొరకకపోతే ఆ పెద్దమనిషికి ఏం మొకం సూపెట్టాలె?

"బుజ్జులూ! రా నాన్నా! బాదం!" అని మొత్తుకున్న. వాడు నా దిక్కు సూడనన్న సూడలే. ట్యాంక్ మూత కొరుకుడు షురూ చేసిండు. ఆ బిల్డింగ్ బాల్కనీలకెల్లి ఒకామె, "ఓ తమ్మీ, గా పక్షి నీదేనా? మూత పైసలు నువ్వే ఇస్తవా?" అని కేక. అనిత బెడ్‌షీట్ పట్టుకుని ఉరికొచ్చింది. దాన్ని ఏం జేస్తదో ఆమెకే తెల్వదు!

గప్పుడే ఫోన్ మోగింది. అంకుల్! ప్రతి ఆదివారం పదింటికి బుజ్జుల్ని సూడనీకి వీడియో కాల్ చేస్తడు.

"నిజం చెప్పు" అన్నది అనిత. నాకు ధైర్యం సాలలే. ఎనక ఆకాశం కనవడకుంట ఫోన్ మొకానికి ఆనిచ్చి ఎత్తిన. స్క్రీన్ నిండ మీసాలే.

"ఏంటి బాబూ, గాలి చప్పుడు? ఎక్కడున్నావ్?"

"ఫ్యాన్ అంకుల్."

"బుజ్జులేం చేస్తున్నాడు?"

"పండుకున్నడు అంకుల్."

"పదింటికా!"

"రాత్రి లేటయింది."

"పక్షికా?"

అనిత నెత్తి కొట్టుకున్నది. అంకుల్‌కు పరేషాన్ షురూ అయింది. "ఒంట్లో బాలేదేమో చూడవయ్యా! పంజరం దగ్గర పెట్టు ఫోను! బుజ్జులూ! నాన్నా! లేరా బంగారం!" ఆయనది మిలిట్రీ గొంతు, మాట్లాడితేనే మైకు పెట్టినట్టు ఉంటది. పైగా నాది స్పీకర్ ఆన్!

ట్యాంక్ మీద కొరుకుడు బంద్ అయింది. ఒక్క అరుపు, రెక్కల చప్పుడు, అంతే! వచ్చి నా నెత్తి మీద దిగిండు. ఎనక కాకుల గుంపు. గోర్లు నెత్తిల దిగుతున్నా నాకు ఏడుపొచ్చేంత సంతోషం. పదహారు రోజులల్ల మొదటిసారి నా మీద కూసున్నడు! నా మీద ఏంది, ఫోన్ కోసం. నా నుదురు మీదికెల్లి తలకిందులుగ వంగి స్క్రీన్ మీద మీసాల్ని నాకుతున్నడు.

అటు అంకుల్ స్క్రీన్‌కు ఇంకా దగ్గరికొచ్చి సూస్తున్నడు. ఇటు నేను, ఎనక ఆకాశం, నెత్తిన మకావ్. ఇంక ఏం దాస్తం!

"ఇప్పుడే లేచినట్టున్నాడు" అన్నడు మెల్లగ.

నాకు భూమిలకి దిగబడిపోవాలనిపించింది. "తప్పైంది అంకుల్. అబద్ధం చెప్పిన. భయమైంది."

"అదంతా తర్వాత. ముందు లోపలికి పద. మెట్లు చూసుకో. తల ఊపకు!" మూడు అంతస్తులు ఆయన ఆర్డర్లు ఇచ్చుకుంట దింపిండు, నేను నెత్తి మీద కుండ ఉన్నట్టు దిగిన. తలుపు మూసినంక అన్నడు, "ఎగిరిపోవడం ఎవరి దగ్గరైనా జరుగుతుంది బాబూ. నా దగ్గరా రెండుసార్లు ఎగిరాడు. వెంటనే నాకు ఫోన్ చేసుంటే అప్పుడే దిగేవాడు కదయ్యా!"

మూత పైసలు కట్టిన, నెత్తికి టీటీ సూది ఏయించుకున్న.

ఇప్పుడు రోజుకు రెండు కాల్స్, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆయన మాట్లాడ్తడు, బుజ్జులు నా భుజం మీద కూసుని ఇంటడు, నేను ఫోన్ పట్టుకుని నిలబడ్త. నిన్న అరగంట అయినంక చెయ్యి గుంజుతుంటే జెర కిందికి దించిన. అంతే! అటు నుంచి ఆయన, ఇటు చెవుల వీడు, ఇద్దరు ఒక్కసారే అరిచిన్రు. స్టాండ్ కదలొద్దంట!