నవ్వితే నీళ్ళొస్తాయి

కెనడాకొచ్చిన కొత్తలో నాకు రెండే ముఖాలుండేవి: ఆఫీసుకొకటి, కొనుగోళ్ళకొకటి. రెండోది చీరాలలో మా బట్టల కొట్లో తయారైంది. "వస్తువు నచ్చిందని అవతలివాడికి తెలిసిందా, బేరం అక్కడే పోయింది," అనేవాడు మా నాన్న. పెళ్ళిచూపుల్లో కూడా నేను ఆ ముఖమే పెట్టుకు కూర్చున్నాను (నచ్చలేదేమోనని మా ఆవిడ వారమంతా బెంగపడిందట, ఆ సంగతి ఇప్పటికీ వింటున్నాను).

మేముండే మిస్సిసాగాలో మంచు మోకాళ్ళదాకా పేరుకున్న ఒక ఫిబ్రవరిలో, ఆవిడ పట్టుపట్టి నన్నొక కరీబియన్ దీవికి లాక్కెళ్ళింది. అక్కడ డైవింగుకు పడవ అక్కర్లేదు. రోడ్డు పక్కన దిగేచోటికి గుర్తుగా పసుపురంగు వేసిన రాయి కనిపిస్తే బండి ఆపడం, వీపున గాలి సిలిండరు కట్టుకుని ఒడ్డునుంచే సముద్రంలోకి నడిచిపోవడం. డైవింగు నేర్పే దుకాణం యజమానురాలు అరవై దాటిన మనిషి; ఎండకు కమిలిన ముఖం, కదలని కనుబొమలు. చూడగానే మావాళ్ళ రకమేనని తెలిసిపోయింది. షావుకారమ్మ అని పేరు పెట్టుకున్నాం. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే అయినా నాకు తెలుగులోనే గుర్తుంది.

"నచ్చకపోతే డబ్బు వాపసు ఇవ్వాలి," అన్నాను.

"నచ్చిందో లేదో నాకెలా తెలుస్తుంది?"

"నా ముఖం చూడండి."

"సరే," అంది వెంటనే. బేరం అంత తేలిగ్గా కుదిరితే అనుమానించాలని మా నాన్న చెప్పనే చెప్పాడు.

మా ఆవిడ నన్ను పక్కకు లాగింది. "ఏవండీ, సముద్రానిక్కూడా బేరమేనా? ఒక్కసారి దేన్నైనా ఉత్తినే చూడండి. నీళ్ళలో కూడా ఈ ముఖమే పెట్టారంటే ఇంక మీతో ఎక్కడికీ రాను." నవ్వుతూ అన్న మాట కాదది.

కళ్ళనూ ముక్కునూ కలిపి మూసే అద్దాల మాస్కు తగిలిస్తూ షావుకారమ్మ చెప్పింది: "నీ మీసం సందుల్లోంచి కాస్త నీరు దూరినా ఫర్వాలేదు, నవ్వకు మాత్రం. నవ్వితే చెంపలు ముడుచుకుని లోపలికి నీళ్ళొస్తాయి. వస్తే పైఅంచు నొక్కి ముక్కుతో ఊదెయ్." ఇది మా వంశం కోసమే పుట్టిన ఆట అనుకున్నాను.

ఆ పొద్దున గాలి పెద్దగా లేదు కానీ ఒడ్డంతా విరిగిన పగడపు రాళ్ళు, వాటి మీద నాచు. షావుకారమ్మ చెయ్యి పట్టుకుని, చిన్న అలకు కూర్చుంటూ, పెద్ద అలకు పడుకుంటూ ఛాతీలోతు దాకా చేరాను. తల ముంచగానే లోకం చప్పుడు ఆగిపోయింది. నా ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది. కాసేపు ఇసుక. ఆ తర్వాత నేల ఒక్కసారిగా కిందికి వాలిపోయింది. ఆ వాలంతా పగడాలు. ఊదారంగు విసనకర్రల్లాంటివి వందల కొద్దీ ఒకే ఊపిరికి ఊగుతున్నాయి. చేపలు ఎదురుగా వస్తే నెమలికంఠం రంగు, పక్కకు తిరిగితే పసుపు. ఏ చీరకు ఏ అంచు కుదురుతుందా అని అలవాటుగా చూడబోయాను. బట్టల కొట్లో పెరిగిన కళ్ళు ఆ రంగులకు పేర్లు వెతికి వెతికి మానుకున్నాయి. వాలుకు అవతల నీలం, అడుగు కనిపించని నీలం. అందులోంచి ఒక తాబేలు తీరిగ్గా పైకొచ్చి, నన్ను ఎగాదిగా చూసి, ఏమీ నచ్చనట్టు వెళ్ళిపోయింది, మా కొట్టుకొచ్చే గట్టి బేరగాడిలా. నాకు నవ్వొచ్చేసింది. మాస్కు నిండా ఉప్పునీళ్ళు.

ఊదాను, ఖాళీ అయింది. ఎదురుగా అవే రంగులు. మళ్ళీ నవ్వాను, మళ్ళీ నీళ్ళు. మా ఆవిడ చేపల్ని వదిలేసి నన్నే చూస్తోంది. షావుకారమ్మ చేతులు కట్టుకుని నీళ్ళలో వేలాడుతోంది, గల్లాపెట్టె ముందు కూర్చున్నంత నిబ్బరంగా.

ఒడ్డుకొచ్చాక ఆవిడే అడిగింది: "వాపసు ఇమ్మంటావా?"

నా ముక్కులోంచి ఇంకా సముద్రం కారుతూనే ఉంది. మా ఆవిడ మాస్కు తియ్యడం ఆపి నావైపు చూసింది.

"రేపెన్నింటికి రమ్మంటారు?" అన్నాను.

షావుకారమ్మ అప్పుడూ నవ్వలేదు. మా ఆవిడ నవ్వింది.

ఆ రెండో ముఖం నా దగ్గర ఇప్పటికీ ఉంది. కారు టైర్ల దగ్గరా బెండకాయల దగ్గరా బాగానే పనిచేస్తోంది. కానీ తొలిమంచు పడ్డ పొద్దున, కారు అద్దం మీది మంచు గీకడం ఆపి నేను ఊరికే నిలబడిపోతే, గుమ్మంలోంచి మా ఆవిడ అంటుంది: "ఏవండీ, నీళ్ళొస్తున్నాయి."

"పర్లేదు, మామూలు మంచే," అంటాను, వెనక్కి తిరక్కుండా (తిరిగితే బేరం పోతుంది).